మిద్దె మీది మేతమోపు

మా తమ్ముడు పోయాడని మంగళవారం పొద్దున, నేను దీపం పెడుతుండగా ఫోన్ వచ్చింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, బస్సెక్కి పుట్టినూరు చేరాను.

ఊరి పక్కన ఫ్యాక్టరీలో వాడి పని. బొగ్గుపొడినీ చెనిక్కాయ పొట్టునూ, అంటే వేరుశనగ తొక్కలనూ, కలిపి అరకొరగా కాల్చి, వచ్చిన గ్యాస్ నుంచి డీజిల్ తీస్తారక్కడ. లోపలికొచ్చే లారీల్లో ఏముందో, బయటికి పోయే తారు పీపాలెన్నో తడిమి చూసి గేటు తీసేవాడు. ఎంత రుద్దినా చేతులకు తారు వాసన పోయేది కాదు. నెలకోసారి ఉడకబెట్టిన చెనిక్కాయలు తెచ్చేవాడు గానీ, నా పూజగది గడప దాటేవాడు కాదు.

“నా పేరున దీపం నువ్వే ఎలిగించక్కా. ఈ చేతుల్తో వద్దులే.”

ఆ వాసన పోవాలని, వాడు వెళ్లాక గడప కడిగేదాన్ని. వాడికి తెలుసు.

ఫ్యాక్టరీ వచ్చిన కొత్తలో ఊరికి మాటిచ్చింది వాడే. “పొట్టు ఒక్కటే తీసుకుంటారు. మేత జోలికి రారు. పూచీ నాది.”

మా వైపు చెనిక్కాయ కట్టె, అంటే కాయలు తెంపాక మిగిలిన ఎండు మొక్కే, పశువుల మేత. కళ్లంలో తొలి మోపు ఆవుకు తీసిపెట్టనిదే మిగతాది అమ్మరు. వాన ఎగ్గొట్టిన ఏడాది ఫ్యాక్టరీకి పొట్టు చాలలేదు, మేత కొన్నారు. ఊరు తొలి మోపుతో సహా అమ్మింది. తర్వాత ఆవులనూ అమ్మింది.

“ఏమప్పా, నీ ఫ్యాక్టరీకి పండ్లొచ్చినాయా? మా ఆవుల మేత నములుతాండాది!” అన్నాడు పక్కింటి చిన్నాయన, తమ్ముణ్ని ఆపి.

మర్నాడు తమ్ముడు మేత లారీని గేటు దగ్గరే వెనక్కి పంపాడు. వాణ్ని తారు గుంతలు కడిగే పనికి మార్చారు. దగ్గు అక్కడే మొదలైంది.

“మానెయ్ రా” అన్నాను.

“మానేసి యాడికి పోదునక్కా? చేన్లో దుమ్ము తప్ప ఏముండాది?”

ఆ ఏడాది తన కళ్లంలో వచ్చిన తొలి మోపు మాత్రం వాడు అమ్మలేదు. మిద్దె మీద పెట్టుకున్నాడు.

శవం దగ్గరికి ఫ్యాక్టరీ మనిషి దండ తెచ్చాడు. దాని మీద ఫ్యాక్టరీ పేరు. “పచ్చదనానికి సేవ చేసిన మనిషి,” అన్నాడు. దండ తీసి బయట గోడ మీద వేశాను.

పదకొండో రోజు వాడి పేరున ఆవుకు మేత పెట్టాలి. ఊళ్లో ఆవు లేదు. చిన్నాయన పక్కూరి నుంచి ఒకదాన్ని తోలుకొచ్చి, వాకిట్లో నిలబడ్డాడు.

“వాన్ని అంత మాట అంటినే తల్లీ.”

తమ్ముడు మిద్దె మీద దాచిన మోపు దించాం. ఆవు వాసన చూసి మొహం తిప్పుకుంది. కట్టె నిండా ఫ్యాక్టరీ మసి.

చిన్నాయన బిందెతో నీళ్లు పోశాడు. నేను మోపు విప్పి, గుప్పెడు గుప్పెడుగా కడగసాగాను. నీళ్లు నల్లగా దిగాయి. నా చేతులకు వాడి చేతుల వాసన పట్టింది. ఆవు పోలేదు. చూస్తూ నిలబడింది.