అత్తగారి ఒకటి పాయింట్ ఆరు

తెల్లవారి స్నానం, ప్రార్థన అయ్యాక అత్తగారు కిటికీ వైపు తిరిగి కూర్చుని, ఆ రోజు ఫోనులో మాట్లాడాల్సిన మాటలు ముందుగా ఒకసారి పైకి అనుకునేది. అనుకున్నాక అక్కర్లేనివి తీసేసేది. "బాగున్నావా" మొదట పోయేది. బాగోకపోతే వాళ్లే చెబుతారు. "సరే, ఉంటాను" తర్వాత పోయేది. ఉండక ఎక్కడికి పోతుంది? మిగిలిన నాలుగు ముక్కలూ ఫోనులో చెప్పేసి, అవతలివాళ్లు "ఆఁ" అనేలోగా పెట్టేసేది. చుట్టాల్లో ఆవిడకు పొగరని పేరొచ్చింది. కోడలు మాత్రం పొదుపరి అనుకుంది. ఏడేళ్లు అలాగే అనుకుంది.

ఆవిడకు పొగరంటే దేవుడు కూడా నమ్మడు. ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కి ఊళ్లో సగం మందికి బట్టలు కుట్టింది. మిగిలిన పీలికలు సైతం మడతపెట్టి తిరిగిచ్చేది. ఎవరి పిల్లాడికైనా నిక్కరు బిగుతైతే, అడక్కుండానే కుట్టు విప్పి వదులు చేసి పంపేది. కోడలి ఆఫీసు కోటుకు లోపలి జేబు కుట్టిందీ ఆవిడే.

కోడలి ఉద్యోగం ఫోన్లు పరీక్షించే ల్యాబులో. అక్కడ బల్లమీద ప్లాస్టిక్ తల ఒకటుంటుంది. డొల్ల తల. అందులో నీళ్లు, పంచదార, ఉప్పు, నోరు తిరగని పేరున్న మందొకటి కలిపి పోస్తారు. ఫోను పంపే తరంగాలను మనిషి తల ఎంత పీల్చుకుంటుందో, ఆ ద్రవమూ ఇంచుమించు అంతే పీల్చుకుంటుంది. బుడగ రాకుండా దాన్ని కలపడం కోడలి పని. తర్వాత చెంపకు ఫోను ఆనించి, ద్రవంలోకి సన్నటి కడ్డీ దించి కొలుస్తారు. ఆ తలకు పేరు లేదు, అభిప్రాయాలూ లేవు. ల్యాబులో అందరికంటే నెమ్మదస్తురాలు అదేనని కోడలు ఇంట్లో చెప్పేది.

చేరిన కొత్తలో అత్తగారు అడిగింది: "ఏం కొలుస్తారే అక్కడ?"

"ఫోను తలలోకి ఎంత పంపిస్తోందోనని అత్తయ్యా. ఒకటి పాయింట్ ఆరు దాటకూడదు."

"మనిషికా?"

"ఆఁ, మనిషికే."

కిలోకి ఇన్ని వాట్లని వివరించబోయింది గానీ ఇంతలో బస్సు వచ్చింది.

ఒక బుధవారం పొద్దున అత్తగారి చెల్లెలి కొడుకు ఫోను చేశాడు. "పెద్దమ్మా, అమ్మకి గొంతులో గడ్డ. రేపే ఆపరేషను. తర్వాత మాట రావొచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఇవాళే నీతో మాట్లాడాలంటోంది."

కోడలు ఆ రోజు రాలేనని ల్యాబుకు చెబితే, పెద్దాఫీసరు "ఇంట్లోనే ఉండమ్మా, ఇవాళ తలలోది నేను కలుపుతాలే" అన్నాడు.

అత్తగారు కిటికీ దగ్గరే కూర్చుంది. ఒక్క మాటా పైకి అనుకోలేదు. చాలాసేపటికి కోడల్ని పిలిచింది.

"నాది ఇంకా ఎంత మిగిలిందో మీ ల్యాబులో చూసి చెబుతారా?"

"ఏది అత్తయ్యా?"

"అదే. ఒకటి పాయింట్ ఆరు."

కోడలికి అర్థం కావడానికి ఓ నిమిషం పట్టింది. అత్తగారి లెక్కలో ఒకటి పాయింట్ ఆరంటే మీటర్లు. ఒక చొక్కా గుడ్డ. పొట్టి చేతులైతే సరిపోతుంది. కత్తెర పడిన ముక్క మళ్లీ రాదు. తన తలకాయకిచ్చిన గుడ్డను ఆవిడ ఏడేళ్లుగా, ఫోనులో మాట్లాడినప్పుడల్లా, అంగుళం అంగుళం కోసుకుంటూ వచ్చింది.

"అయ్యో, అది అయిపోయేది కాదత్తయ్యా! ఇస్త్రీపెట్టె మీద గుర్తుండదూ, ఇంతకంటే వేడి పెట్టొద్దని? అలాంటిది. రోజూ ఇస్త్రీ చేస్తే ఆ గుర్తు తరిగిపోతుందా?"

"గుర్తు తరగదు. గుడ్డ రంగు వెలుస్తుంది."

ల్యాబులో ఇంత మంచి మాట ఎవరూ అనలేదనుకుంది కోడలు.

"మీరు అంచుకి ఎంత లోపల కుడతారు?"

"ముప్పావు అంగుళం. గుడ్డ పీచు లేచినా కుట్టు ఊడకూడదు కదా."

"ఈ లెక్క పెట్టినవాళ్లూ అంతే. ప్రమాదం అంచుకి బోలెడంత లోపలే గీత గీశారు."

"మంచి దర్జీలే అయితే మంచిదే."

"పోనీ స్పీకరు పెట్టి దూరంగా ఉంచుదాం. దూరం జరిగేకొద్దీ తలకి తగిలేది తగ్గుతుంది."

"దాని గొంతు ఆఖరుసారి గోడలకి వినిపించమంటావా?"

"ఆఖరుసారని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అందుకే భయం."

ఫోను చెవికే ఆనించుకుంది. అవతల చెల్లెలు మొదలుపెట్టింది. మధ్యలో ఆమె ఫోను ఆరిపోతే, వార్డులో నర్సు తన ఫోను తెచ్చి చేతిలో పెట్టి, మంచానికి తెర లాగి వెళ్లిందట. మళ్లీ మోగింది. పావుగంట దాటింది. అరగంట దాటింది. అత్తగారు నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, "అది నేను కాదే, నువ్వే!" అంటోంది.

ఉన్నట్టుండి ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి కోడలి వైపు వంగింది.

"అమ్మాయ్, నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఎందుకైనా మంచిది, నాది చాలకపోతే నీ దాంట్లోంచి కాస్త సర్దవే. మా చెల్లెలు ఇంకా మా చిన్నప్పటి కొట్లాట దగ్గరే ఉంది."