అక్కకు పంచిన గోలీలు

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. పేపరు పైకి చదివితేనే నాకు ఎక్కుతుంది. వినేవాళ్లు నవ్వితే నవ్వనీ. ఒకరోజు పొద్దున అలాగే చదువుతుంటే నేను రక్తంలో కొవ్వు తగ్గాలని ఐదు నెలలుగా మింగుతున్న గోలీ పేరు కనబడింది. నెలనెలా దుకాణంలో అడిగి నోటికి వచ్చిన పేరే. దాంతో కండరాలు కరుగుతున్నాయట, మూత్రపిండాలు చెడుతున్నాయట. అమ్మడం ఆపేసి, దుకాణాల్లో ఉన్నవి కూడా వాపసు తీసుకుంటున్నారట.

అల్లం తవ్వడానికి కూర్చుంటే లేవలేకపోతున్నాను అప్పటికే. వయసు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజే దవాఖానకు పోయాను. రక్తం చూసి డాక్టర్ అన్నాడు: "గోలీ బంద్ చెయ్యమ్మా. మూత్రపిండాలకు ఏం కాలే. జల్ది వచ్చినవ్."

నా సంగతి తేలింది. మరి మొగుడంపల్లిలో మా అక్క? ఆమెకూ కొవ్వే. రోగం ఒకటే కదా అని నెలనెలా నా గోలీల్లో ఒక పట్టీ ఇచ్చి వచ్చేదాన్ని. మా ఇళ్లలో మందు కూడా కూరలాగే పంచుకుంటాం. తప్పు నాదే, ఇంకొకరి మీద వేయను.

బస్సు దిగి పోయేసరికి అక్క మంచం మీద కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. భుజం పట్టి ఊపాను.

"అక్కా, లే! దవాఖానకు పోదాం. నేనిచ్చిన గోలీలు మంచియి కావంట."

"నేనెక్కడ మింగుతున్ననే? పది దినాలు మింగిన, తొడలు గుంజినయ్. పెంటకుప్పల పారేసిన."

"మరి నెలనెలా తీసుకుంటివి గద!"

"గంత దూరం మోసుకొస్తివి. వద్దంటే నువ్వు మూతి ముడుస్తవ్."

"మరి ఈ పడుకునుడేంది?"

"పొద్దటి నుంచి చేన్ల కలుపు తీసిన. జర నడుము వాల్చొద్దా?"

నాకు ఒళ్లు మండింది. "నాకు గూడ తొడలు గుంజుతుండె. పది దినాలప్పుడే ఒక్క మాట చెప్తే నేను గూడ బంద్ చేస్తుంటి గద అక్కా!"

"నీ తొడలు గుంజినయని నువ్వు చెప్పినవా నాకు?"

అయినా ఆమెను వదల్లేదు, చెప్పులు వేయించి జహీరాబాద్ బస్సు ఎక్కించాను. దారంతా తిట్టింది. సూది గుచ్చినప్పుడు ఇంకా తిట్టింది. ఆమె రక్తంలోనూ ఏ దోషం లేదని డాక్టర్ చెప్పేదాకా నేను ఆమె చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.