మూడో చుక్క

డెబ్బైల చివర్లో, పాతబస్తీ దాటాక వచ్చే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో నేను టెక్నీషియన్ని. ఉప్పుగూడ నుంచి సైకిల్ మీద పోయేవాణ్ని. వెనక క్యారియర్ మీద మా బావ, అంటే మా అక్క భర్త, కూర్చునేవాడు. అతనూ అక్కడే, లేజర్‌కు కరెంటు ఎక్కించే ప్యానెల్ దగ్గర టెంపరరీ మీద పనిచేసేవాడు. ఏళ్ల తరబడి నానిన పర్మనెంటు ఫైలు అప్పుడే కదిలింది. ఇక మెడికల్ పాసవడమే మిగిలింది.

మా లేజర్ కిరణం కంటికి కనబడదు. ఇనుపరేకుకు తూటు పొడుస్తుంది గానీ, ఎటు పోతోందో చూద్దామంటే గాలిలో ఏమీ ఉండదు. అందుకే ఇంజనీరుకీ నాకూ రక్షణ కళ్లద్దాలు ఇచ్చారు. బావకు ఇవ్వలేదు. కిరణం ప్యానెల్ వైపు పోదు కదా అన్నారు.

ఒకనాడు లేజర్ పేల్చగానే టప్పుమని చప్పుడైంది. కిరణాన్ని మళ్లించడానికి విదేశాల నుంచి తెప్పించిన అద్దం మీద పూత లేచిపోయి పెసరగింజంత గుంట పడింది, చుట్టూ పగుళ్లు. అందరం అద్దం చుట్టూ మూగాం. ఇంజనీరు ముఖం చూడలేకపోయాను. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకన్నట్టు, పక్క విభాగం వాళ్లు నవ్వుతారనే ఆయన బాధంతా. తప్పు ధూళిదా, పూతదా, నా బిగింపుదా తేల్చాలన్నాడు. నా బిగింపు అన్నప్పుడు గొంతు కాస్త పెంచాడు. నాకు ఒళ్లు మండింది.

కొన్నాళ్లకు పాడైన అద్దాన్ని మళ్లీ దాని చోటనే బిగించి, ఈసారి కంటికి కనబడే చిన్న ఎర్ర లేజర్‌ను దానిమీద వేశాం. ఆనాడు ఆ పగుళ్లు కిరణాన్ని ఎటు చెదరగొట్టాయో ఎర్ర చుక్కలే చెబుతాయి. మూడు చుక్కలు పడ్డాయి. ఒకటి గోడ మీద, అక్కడ సున్నం మాడి ఉంది. రెండోది చెక్క స్టూలు మీద, అక్కడా మాడిన మచ్చ ఉంది. మూడోది ప్యానెల్ వెనకున్న బీరువా తలుపు మీద. ఆ తలుపు రంగు మీద చిన్న గీతైనా లేదు.

అంత కిరణం తలుపును తాకకుండా ఎక్కడికి పోయింది? ఇంజనీరు మళ్లీ నన్నే అనుమానించాడు. విప్పి మళ్లీ బిగించాను. చుక్క అక్కడే పడింది. ఆయన విసుక్కుంటూ అద్దం స్క్రూల మీదికి వంగాడు.

అప్పుడు బావ లోపలికొచ్చి, అలవాటు ప్రకారం ప్యానెల్ ముందు తన చోట నిలబడ్డాడు. ఇంజనీరు చెయ్యి ఊపేదాకా మావైపే చూస్తూ ఉండటం అతని పని. తలుపు మీది చుక్క మాయమై బావ ముఖం మీద తేలింది. సరిగ్గా కుడికంటి నల్లగుడ్డులో.

అతను రెప్ప కొట్టలేదు.

సినిమా హాల్లో టార్చి వెలుగు పడితేనే ముఖం తిప్పుకుంటాం. అతను మామూలుగా నిలబడే ఉన్నాడు. నేను గబుక్కున లేజర్ ఆపేశాను. తలుపు ఎందుకు మాడలేదో అర్థమైంది. అద్దానికేమైందని ఆనాడు అందరం అడిగాం. మనిషికేమైందని ఒక్కరమూ అడగలేదు.

సైకిల్ స్టాండు దగ్గర నిలదీస్తే ఒప్పుకున్నాడు. ఆనాడు తలలోనే ఏదో చిట్లినట్టయిందట. అప్పటినుంచి చూపు నడుమ నల్లమచ్చ. "ఆ కంటితోని చూస్తె మనిషికి భుజాలుంటయి, మొకం ఉండది," అన్నాడు. నేను దవాఖానకు పోదాం పదమన్నాను. అతను చెయ్యి విదిలించుకున్నాడు. "ఆర్డరు చేతికొచ్చేదాంక నోరు మూసుకో బామ్మర్దీ. తర్వాత ఏ దవాఖానకు రమ్మంటే గా దవాఖానకే వస్త."

ఒంటికంటితో అంత హైవోల్టేజీ దగ్గర ఎట్లా నిలబడతాడు? అతనికి బుద్ధి చెప్పగలిగింది అక్క ఒక్కతే. సాయంత్రం బావ కిరోసిన్‌కు పోయిన వేళ చూసి అక్కకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె పొయ్యి మీది గిన్నె దించి పెట్టింది.

"నాకెరుకనే తమ్మీ," అంది.

మెడికల్ చేసే దవాఖానకు ముందే పోయిందట. తలనొప్పని చీటీ రాయించుకుని, కండ్లు పరీక్షించే గదిలో గోడమీది ఇంగ్లీషు అక్షరాల బోర్డును పైనుంచి కిందికి బట్టీ పట్టిందట. ఏడో తరగతిలో బడి మానేసిన మా అక్క నా ముందు వాటిని గడగడా అప్పజెప్పింది. రోజూ దీపం పెట్టాక, బావ ఎడమకన్ను మూసి, ఆ అక్షరాలే చెప్పిస్తోందట. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అతని కన్ను కాపాడమని అడగడానికి వచ్చాను నేను.

"అన్నీ నేర్పిన," అంది. "అట్టడుగు వరుస మాత్రం నా కండ్లకు ఆనలే. నీ చూపు మంచిగున్నది గద, రేపు పోయి చదువుకొని రా తమ్మీ."

కొట్టుకు పోయి ఉప్పు తెచ్చిపెట్టమన్నట్టు అడిగింది.