నరసింహులు మొక్కు, నా కాలు

సహోదరులారా, సహోదరీలారా, ధర్మవరం సంఘపు బిడ్డలారా! నా చేతికి మైకు ఇచ్చిన మీ పాస్టరు అయ్యగారికి, ఈ వేదిక మెట్లు నా అంతట నేనే ఎక్కేలా చేసిన నా దేవునికి వందనాలు. మెట్ల మాట ఎందుకెత్తినానంటే, పోయినేడు ఇవే ప్రార్థన కూటాలకు మీరు నన్ను పిలిచినారు, నేను రాలేకపోయినాను, ఎందుకంటే అప్పుడు నేను హిందూపురంలో మా ఇంట్లో మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని, పైన తిరిగే ఫ్యాను వంక చూస్తా పడుకోనుంటిని, బాత్రూముకు పోవాలన్నా నా భార్య రూతు భుజం పట్టుకోవాల్సిందే! ఆ కాలు ఇదే, చూడండి. మోకాలి కింద నుంచి చీలమండ దాకా ఈ మచ్చ కనిపిస్తోంది కదా, లోపల రాడ్డు ఉంది. ఈ కాలితోనే ఈరోజు పొద్దున మీ ఊరి రైల్వే స్టేషన్ నుంచి ఈడికి నడిచి వచ్చినాను. దేవునికే మహిమ!

నా పేరు యేసురత్నం. హిందూపురంలో మోటార్లకు వైండింగ్ చేస్తాను. బోరు మోటారు కాలిపోతే రైతులు తెచ్చి నా ముందు పెట్టి పోతారు, నేను పొద్దస్తమానం కింద కూర్చుని రాగి తీగ చుట్టుకుంటా ఉంటాను. కూర్చుని కూర్చుని ఒళ్ళు పెరిగిపోయి, నలభై దాటేసరికి మిద్దె ఎక్కితే ఆయాసం, చెప్పులేసుకోవడానికి వంగితే ఆయాసం. నన్ను లేపి రోడ్డు మీదికి ఈడ్చినవాడు నరసింహులు. ఇతను పట్టుగూళ్ళ మార్కెట్లో వ్యాపారం చేస్తాడు, మా వీధికి పై వీధి. హిందువు, కదిరి నరసింహస్వామిని కొలిచే ఇల్లు. అతనికి షుగరు. డాక్టరు రోజూ నడవమంటే, ఇతను నడకతో సరిపెట్టుకోకుండా పరుగు మొదలుపెట్టినాడు, అంత మొండివాడు! పరుగు మొదలుపెట్టినాక షుగరు అదుపులోకి వచ్చింది, మాత్రలు కూడా తగ్గించినారు. ఆ సంతోషం ఒక్కడే అనుభవించలేక నా షాపు ముందుకొచ్చి, "ఏమబ్బా రత్నం, మోటార్లకేనా నువ్వు రిపేరు చేసేది, నీ ఒంటికి ఎప్పుడు చేస్తావు?" అని నలుగురిలో నవ్వినాడు. నాకు రోషం వచ్చి మరుసటి పొద్దున్నే లేచి పోయినాను.

మా సంఘంలో నన్ను ఆట పట్టించినారు, నిక్కరేసుకుని ఉరికే విశ్వాసిని ఇప్పుడే చూస్తాండామని పెద్దలు కూడా నవ్వినారు. నవ్వనీ! ప్రభువు ఇచ్చిన ఒళ్ళు, ప్రభువు ఇచ్చిన రోడ్డు, నాకేం సిగ్గు? ఒక్క చోట మాత్రం నాకు చిక్కు వచ్చింది. ఈ పరుగు పోటీలు బెంగళూరులో గానీ ఇంకెక్కడ గానీ అన్నీ ఆదివారం పొద్దునే పెడతారు. ఆదివారం పొద్దున నేను ఆరాధన మాని యాడికీ రానని నరసింహులుతో చెప్పేసినాను. అతను ఒక్క మాట కూడా వాదించలేదు. తనూ ఆ పోటీలు మానుకుని, నెలనెలా రెండో శనివారం మా ఇద్దరికే ఒక పోటీ పెట్టినాడు! హిందూపురంలో చీకటితో బయలుదేరి పెనుకొండ దాకా పరుగెత్తేది, ఆడ ఇడ్లీ తిని, రైలుకో బస్సుకో తిరిగొచ్చేది. మాకు మేమే పరుగుగాళ్ళం, మాకు మేమే చూసేవాళ్ళం.

పరుగెత్తేవాళ్ళకు దెబ్బలు కొత్త కాదు. కాలి గోళ్ళు నల్లబడి ఊడిపోతాయి, మడమ పొద్దున్నే నేల మీద పెట్టనివ్వదు, మోకాలు వాస్తుంది. నాకు నొప్పి వస్తే అతను ఆగుతాడు, అతనికి పిక్క పట్టేస్తే నేను రోడ్డు పక్కన కూర్చోబెట్టి రుద్దుతాను. అన్నదమ్ములు కూడా ఒకరి కాళ్ళు ఒకరు అట్ల పట్టుకోరు. మేము పట్టుకున్నాము.

అట్లాంటి ఒక శనివారం పెనుకొండ చేరినాక, ఇంకా ఊపు మీదున్నాం కదా అని కొండ కూడా ఎక్కినాము. ఎక్కడం బాగానే ఎక్కినాము. దిగేటప్పుడు నరసింహులు వెనక్కి తిరిగి, "ఏం మెల్లగా దిగుతాండావబ్బా, ముసిలోనివైపోతివా?" అన్నాడు. నేను నవ్వుకుంటా వేగం పెంచినాను. గులకరాళ్ళ మీద కాలు జారింది, రెండు బండల సందులో ఇరుక్కుంది, నా బరువంతా దాని మీద పడింది. ఆ విరిగిన చప్పుడు నేను విన్నాను, సహోదరులారా, ముందు నడుస్తున్న నరసింహులు కూడా విన్నాడు. కిందికి చూస్తే నా పాదం ఉండాల్సిన దిక్కులో లేదు! అతను నన్ను వీపు మీద ఎక్కించుకుని, దారి పొడుగునా ఏడుస్తానే కొండ దించినాడు. నా బరువు నాకు తెలుసు. ఆ బరువును షుగరు మనిషి మోసినాడు.

ఆపరేషన్ అయింది, రాడ్డు వేసినారు, నెలలు గడిచినాయి, ఎముక మాత్రం అతకలేదు. ఎక్స్‌రే తీసిన ప్రతిసారీ డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, పెదవి విరిచేవాడు. ఇట్లనే ఉంటే మళ్ళీ కోయాలి, అయినా నడుస్తావు కానీ పరుగు మాట మర్చిపో అన్నాడు. నేను మంచం మీద పడి, ప్రభువా, నా కాలు, నా కాలు, నా కాలు అని ఒకటే ప్రార్థన చేసినాను. మా సంఘం ఉపవాసముండి ప్రార్థించింది, మా అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి నూనె రాసినారు. కాలు మాత్రం కట్టె మాదిరి అట్లనే పడి ఉండేది. నా నోట్లో పాట ఎండిపోయింది. మా రూతు ఒక్కతే వంటింట్లో పాడుకుంటా తిరిగేది, ఆ పాట వింటే నాకు ఏడుపొచ్చేది.

నరసింహులు మార్కెట్ అయినాక రోజూ వచ్చేవాడు. నా పక్కన కూర్చుని గూళ్ళ ధర ఎట్లుందో, వాన యాడ పడిందో చెప్పి పోయేవాడు. పరుగు మాట మాత్రం ఎత్తడు. నాకు బాధ కలుగుతుందని ఎత్తడం లేదేమో అనుకున్నాను. మనిషి చిక్కిపోతున్నాడు, ఊరికే నీళ్ళు తాగుతున్నాడు, కళ్ళు మసక అంటున్నాడు, అయినా నా బాధలో నాకది తట్టనే లేదు.

ఒక మధ్యాహ్నం అతని భార్య లక్ష్మీదేవి మా ఇంటికి వచ్చింది. గడప దాటి లోపలికి రాకుండానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "అన్నా, నువ్వన్నా చెప్పన్నా మా ఆయనకు. నీకు ఆపరేషన్ జరిగేటప్పుడు ఆడ బయట నిలబడి స్వామికి మొక్కుకున్నాడంట. రత్నం మళ్ళా పరిగెత్తేదాకా నేను కాలికి బూట్లు తొడగను, పొద్దున నడకకైనా రోడ్డెక్కను అని. ఆ పొద్దు నుంచి ఒక్క అడుగు నడ్సలేదన్నా, ఇంట్లోంచి మార్కెట్‌కి బండి, మార్కెట్ నుంచి ఇంటికి బండి. షుగరు పైకి యాడికో పోయింది. ఇంజక్షన్ ఏస్తాండారు. ఇట్లయితే కిడ్నీలు పోతాయని డాక్టరు చెప్పినాడు" అని చెప్పింది.

నాకు ఎంత కోపమొచ్చిందో మీకు చెప్పలేను! దేని వల్ల మనిషి బ్రతుకుతున్నాడో దాన్నే తీసుకుపోయి మొక్కుకుంటాడా ఎవడైనా? ఫోన్ చేసి తిట్టినాను. రోజూ నడవమని మీ డాక్టరు చెప్పలేదా, నిన్నెవరు మొక్కుకోమన్నారు అని అరిచినాను. అతను అంతా విని, "నేను కదా నిన్ను ఎగతాళి చేసి దౌడు తీయించింది. మాట ఇచ్చినాను రత్నం. నువ్వు పరిగెత్తు, నేను బూట్లేసుకుంటా. అంతవరకూ నన్నేం అడగొద్దు" అని పెట్టేసినాడు.

మా సంఘంలో ఒకరిద్దరు సహోదరులు, అది విగ్రహానికి పెట్టుకున్న మొక్కే కదా, లెక్కలేదని చెప్పండి, తీసేయమనండి అన్నారు. నేను ఒప్పుకోలేదు. నా కోసం, నా కాలు బాగుపడాలని, ఒక మనిషి తన ప్రాణాన్ని తాకట్టు పెట్టినాడు. దాన్ని చూసి నేను లెక్కలేదని చెప్పాలా? అతని మాట అతను తప్పడు, తప్పమని అడిగే నోరు నాకు లేదు. మిగిలిన దారి ఒక్కటే. నేను పరుగెత్తాలి! డాక్టరేమో పరుగు మర్చిపో అన్నాడు.

ఆ సాయంత్రం రూతు నా పక్కన మోకరించింది. నేను మోకరించలేను కాబట్టి మంచం మీదనే చేతులెత్తినాను. నా జీవితంలో మొదటిసారి నా కాలు గురించి అడగకుండా ప్రార్థించినాను. "ప్రభువా, నాకు పెనుకొండ వద్దు, పోటీ వద్దు, నేను కుంటుకుంటా బ్రతుకుతాను. నరసింహులు కాళ్ళు కట్టుకుని కూర్చున్నాడు తండ్రీ, అతణ్ణి విప్పు. అతణ్ణి విప్పడానికి నా కాలు కావాలంటే, ఎంత కావాలో అంతే ఇవ్వు, అంతకు మించి అడగను!" అన్నాను. అట్లా అంటుంటే, ఇన్ని నెలలుగా నా గుండె మీద కూర్చున్న బండ ఏదో పక్కకు దొర్లినట్టయింది, ఆ రాత్రి నిద్ర పట్టింది. అప్పటినుంచి రోజూ అదే ప్రార్థన.

ఆ తర్వాత తీసిన ఎక్స్‌రేను డాక్టరు వెలుతురుకు పెట్టి చూసినాడు, పాతది తీసి పక్కన పెట్టి చూసినాడు, ఈసారి పెదవి విరవలేదు. ఎముక పట్టుకుంటోంది రత్నం అన్నాడు! హల్లెలూయా! రూతు ఆస్పత్రిలోనే గట్టిగా ఏడ్చేసింది. కర్రతో నిలబడినాను, కర్రతో నడిచినాను. కొన్నాళ్ళకు, సార్, నాలుగడుగులు పరుగెత్తవచ్చా అని అడిగితే, ఏం తొందరయ్యా నీకు అన్నాడు. మొక్కు సంగతి చెప్పినాను. ఆయన కాలికి కసరత్తు నేర్పించే అమ్మాయిని పిలిచి, ఈయన కాలు ఎప్పుడు తట్టుకుంటుందో నువ్వే చూసి చెప్పు అన్నాడు. ఆ తల్లి నన్ను రెండు కమ్మీల మధ్య నిలబెట్టి రోజూ చిన్నగా ఎగిరించేది. రెండు కాళ్ళూ ఒకేసారి నేల వదిలితే అది పరుగు అంకుల్, ఒక్కటైనా నేల మీదుంటే నడకే అని ఆమె చెప్పింది. నాకు కావాల్సింది ఎంతో అప్పుడు తెలిసింది!

ఆమె సరేనన్న మరుసటి పొద్దున, నేనూ రూతూ ఆటోలో పై వీధికి పోయినాము. నరసింహులు ఇంటి బయట అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. నేను రెండిళ్ళ అవతలే దిగి, కర్ర రూతు చేతికిచ్చి, "ఒరే నరసింహులూ, ఇట్ల చూడు!" అని కేక పెట్టి, యేసయ్యా అనుకుని పరుగెత్తినాను. పరుగంటే మీరు నవ్వుతారు. పెళ్ళిలో చిన్నపిల్లలు గెంతినట్టు గెంతినాను, కాలు లోపల మంట, కళ్ళలో నీళ్ళు, వీధి వీధంతా బయటికొచ్చి చూస్తోంది. అతని అరుగు చేరి గోడ పట్టుకుని నిలబడినాను.

నోట్లో బ్రష్షుతోనే అతను, "ఇది పరుగా?" అన్నాడు.

"రెండు కాళ్ళూ నేలను వదిలినాయా లేదా? నీ పెండ్లాన్ని అడుగు, నీళ్ళు పట్టుకుంటున్న ఆ అక్కల్ని అడుగు!" అన్నాను.

లక్ష్మీదేవి వాకిట్లోంచే, "వదిలినాయి, నేను చూసినా, వదిలినాయి!" అని అరిచింది. నరసింహులు నోరు కడుక్కుని, తువ్వాలుతో మొహం ఎంతసేపు తుడుచుకున్నాడో! లోపలికి పోయి బూట్లు తెచ్చుకున్నాడు. అవి దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. తొడుక్కుని లేసు కట్టబోతే కళ్ళ మసకకు ముడి కుదరలేదు. నేను వంగలేను, అందుకని రూతు వంగి కట్టింది. మేమిద్దరం, నేను కర్రతో, అతను నా పక్కన, వీధి చివరిదాకా పోయి తిరిగి వచ్చినాము. పరుగు కాదు, నడకే. అంత దూరం నడిచి అతను ఆయాసపడ్డాడు. నేను అతని వీపు మీద చెయ్యేసి నడిపించినాను.

ఇప్పుడు అతని షుగరు మళ్ళా దిగివస్తోంది, ఇంజక్షన్ తీసేసినారు. వారంలో నాలుగు పొద్దులు కలిసి పోతాము, కొంచెం నడక, కొంచెం పరుగు. నేను కుంటుతాను, అతను నా కోసం మెల్లగా వస్తాడు, ముసిలోనివైపోతివా అని మాత్రం ఇప్పుడనడు! మీలో కొందరు నన్ను అడుగుతారు, అతను ప్రభువును నమ్ముకున్నాడా అని. నా దగ్గర దాచేది లేదు, లేదు. కదిరికి పోయి స్వామికి మొక్కు చెల్లించుకుని వచ్చినాడు. కానీ తన కోసం నేను ప్రార్థించినానని తెలిసి, మీ యేసయ్యను నా తరఫున కూడా ఒక మాట అడుగుతా ఉండు అని నాతో చెప్పినాడు. రోజూ అడుగుతున్నాను. నా దేవునికి తొందర లేదు, నాకూ లేదు.

సహోదరులారా, ఈ కూటంలో మంచం మీద మనిషిని ఇంట్లో వదిలి వచ్చినవాళ్ళున్నారు, నొప్పితో కూర్చోలేక కూర్చున్నవాళ్ళున్నారు. నీ నొప్పి కోసం ప్రార్థించు, ఆయన వద్దనడు. కానీ తల ఎత్తి ఒక్కసారి చుట్టూ చూడు, నువ్వు పడిపోయినందుకు నీతోపాటు ఆగిపోయినవాళ్ళు ఎవరో ఉంటారు. నీ భర్తో, నీ తల్లో, నీ స్నేహితుడో. వాళ్ళ పేరు పెట్టి అడుగు. నాకు ఎంత కాలు కావాలో నా దేవుడు అంత కాలు ఇచ్చినాడు, ఒక మనిషిని లేపడానికి అది చాలింది. ఆయన్ను నమ్మండి, నమ్మి లేవండి. మహిమంతా ఆయనకే!