వాల్టర్ గారి చేతిలో నా బీపీ

నేను నర్సుని. చనిపోయినవాళ్లకు ఒళ్లు తుడిచాను, ఒంటరిగా మార్చురీ దాకా తోసుకెళ్లాను. దయ్యాల మాట వస్తే నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పటికీ నమ్మను. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడుపడలేదు.

ఎనభైల మొదట్లో అమెరికాలో, డాలస్ దగ్గర, ముసలివాళ్లను చూసుకునే ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. పెళ్లి కాలేదు. ఆ ఊళ్లో తెలుగువాళ్లెవరూ నాకు తెలియరు. నా పేరు సరోజ. అక్కడ అందరూ స్పానిష్ పేరనుకుని 'సరోహా' అనేవారు. మొదట్లో సరిదిద్దాను, తర్వాత మానేశాను. సెలవు రోజున ఒక్కోసారి సాయంత్రం దాకా నోరు తెరిచే పనే ఉండేది కాదు.

నా పేషెంట్లలో వాల్టర్ అనే పెద్దాయన ఉండేవారు. రైల్వేలో పనిచేశారట. పక్షవాతంతో మాట పోయింది. చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆయన బీపీ చూడాలి. అప్పట్లో అంతా చేత్తోనే. కఫ్ చుట్టి గాలి నింపి, మోచేతి మడతలో స్టెతస్కోపు పెట్టి, గాలి మెల్లగా వదలాలి. పాదరసం దిగుతుంటే చప్పుడు మొదలైన చోట పై అంకె, ఆగిన చోట కింది అంకె.

ఆయనది ఎప్పుడూ నూట ఇరవై దరిదాపుల్లోనే. ఒక సోమవారం నూట తొంభై ఎనిమిది దగ్గరే చప్పుడు మొదలైంది. కింద నూట ఇరవై నాలుగు. కఫ్ మార్చాను, చెయ్యి మార్చాను. అదే. పరుగున వెళ్లి హెడ్ నర్సు డోరతీని పిలిచాను. ఆవిడ చూస్తే నూట ఇరవై రెండు, డెబ్బై ఎనిమిది.

మంగళవారం అంతే. బుధవారమూ అంతే. మిగతా పేషెంట్ల దగ్గర నా అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ఆ మూడు రోజులూ వాల్టర్ నా మొహంలోకే చూస్తూ ఉన్నారు.

డోరతీ విసుక్కోలేదు. "సరోహా, సరిగ్గా తింటున్నావా? నిద్ర పడుతోందా?" అంది.

అమెరికా వచ్చాక నన్ను ఎవరైనా ఆ మాట అడగడం అదే మొదలు. "ఏం లేదు, కాస్త తలనొప్పి," అన్నాను.

"కూర్చో. చెయ్యి ఇటివ్వు."

ఆయన మంచం పక్కనే, అదే కఫ్ నా చేతికి చుట్టింది. గాలి వదులుతుంటే ఆవిడ మొహం మారిపోయింది.

"నూట తొంభై ఎనిమిది," అంది మెల్లగా. "కింద నూట ఇరవై నాలుగు."

ఆ సాయంత్రమే నన్ను హాస్పిటల్లో చేర్చారు. కిడ్నీకి వెళ్లే రక్తనాళం సన్నబడిందని తేలింది. ఆపరేషన్ చేశారు. ఇంకొన్నాళ్లు ఆగితే నాకూ పక్షవాతం వచ్చేదేమో అన్నాడు డాక్టరు.

నా గుండె చప్పుడే విని పొరబడ్డానేమో అని కూడా అన్నాడు. అలాగైతే అది మొదటినుంచీ వినిపించాలి కదా? వాల్టర్ గారి చేతి కఫ్‌లో గాలి తగ్గినప్పుడు మొదలవడం, ఆగడం ఏమిటి?

రెండు నెలలకు డ్యూటీలో చేరి వాల్టర్ గారి బీపీ చూశాను. నూట ఇరవై. "మీకు ముందే తెలుసా?" అని తెలుగులోనే అడిగాను. ఆయన కళ్లు మూసుకున్నారు.

మరుసటేడు ఆయన పోయారు. ఖననానికి డోరతీ, నేను తప్ప ఎవరూ రాలేదు. వచ్చినవాళ్లు పేర్లు రాసే కాగితంలో మన పేరు పక్కన, పోయినవారికి ఏమవుతారో రాయమని ఒక గడి ఉంది. డోరతీ 'నర్సు' అని రాసింది. నేనూ అదే రాయబోయి ఆగాను. చివరికి పేరు మాత్రం రాసి, ఆ గడి ఖాళీగా వదిలేశాను.