ఎర్ర ఇంటూ మార్కు

మొన్న ఆదివారం, మాచర్లలో కాలేజీ లెక్చరరుగా ఉన్న మా అమ్మాయి ఇంటికొచ్చి, నేను కాఫీలో చక్కెర కలుపుకునేంతలో తన పాఠం తాలూకు స్లైడ్లన్నీ ఫోనులో పడేసి, ఏదో ఒకటి నొక్కి, శీర్షికలు ముద్దక్షరాల్లో (బోల్డులో), అంశాలు చుక్కల వరసలో పొందిగ్గా ఉన్న వ్యాసంగా మార్చేసి నా మొహం ముందు పెట్టింది. విద్యార్థుల ఫోరంలో పెట్టాలట. ఈ మాత్రం పనికేనా అమ్మా నువ్వు మూడేసి రోజులు కూర్చునేదానివి అని నవ్వింది కూడా. నవ్వితే నవ్విందిలే అని ఊరుకోవాల్సింది, కానీ నాకు చురుక్కుమంది. ఆ మూడు రోజులూ ఏం చేసేదాన్నో చెప్పబోతే దానికి ఫోను మోగి లేచి వెళ్ళిపోయింది, అందుకని మీకు చెబుతున్నాను. మీరైతే నెట్ సెంటర్ల కాలం చూసినవాళ్ళు, విసుక్కోకుండా వింటారు.

పిల్లలు హైస్కూలుకొచ్చాక, నలభై దగ్గరపడ్డ వయసులో, నేను నరసరావుపేటలో కంప్యూటరు నేర్చుకోవడానికి చేరాను. నా పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా ఇంటర్ పాసయ్యో తప్పో వచ్చిన ఆడపిల్లలు, నన్ను ఆంటీ ఆంటీ అంటూనే నాకంటే ముందు అన్నీ నేర్చేసుకునేవాళ్ళు. మా వారు కలెక్టరు ఉద్యోగం ఎప్పుడొస్తుందని రోజూ అడిగేవారు. కలెక్టరు ఉద్యోగం రాలేదుగానీ మా మేనమామ తన దగ్గర పని ఇచ్చాడు. ఆయన వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన మనిషి. మనిషి రిటైరైనా నోరు కాలేదని మా అత్తయ్య అంటుండేది. ఒక పాత ప్రొజెక్టరు సంపాదించి, ఊరూరా బడి గోడకు తెల్ల దుప్పటి కట్టించి, మిరపకు వచ్చే తెగుళ్ళ మీద, పత్తికి పట్టే పురుగుల మీద స్లైడ్లు వేసి చూపించేవాడు.

ఆయన చెప్పడం చూడాలి మీరు. చేతిలో ఒక వెదురుబద్ద ఉండేది. పురుగు బొమ్మ రాగానే దాన్ని బంధువుల్లో గిట్టనివాణ్ణి పరిచయం చేసినట్టు పరిచయం చేసేవాడు. చేయకూడని పని ఏదైనా వస్తే దాని మీద స్లైడులో పెద్ద ఎర్ర ఇంటూ మార్కు ఉండేది, ఆ మార్కు మీద బద్దతో ఫట్టుమని కొట్టి, వద్దురా నాయనా అని అరిచేవాడు, దుప్పటి ఊగేది, జనం పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వుతోపాటే విషయం బుర్రలోకి దిగేది.

అయితే ఆయన ఒక్కడూ ఎన్ని ఊళ్ళు తిరగగలడు? ఆ రోజుల్లోనే కొందరు కలిసి రైతుల కోసం తెలుగులో ఒక ఫోరం పెట్టారు. ఒకరు ఒక టపా రాస్తే దాని కింద మిగతావాళ్ళు వరసగా జవాబులు రాసుకునేవాళ్ళు. స్లైడ్లను అలాగే పెట్టే వీలు లేదు, ఒక్క బొమ్మ ఎక్కించబోతే గంట గడిచినా సగం ఎక్కేది కాదు. అందుకని స్లైడులో ఉన్నదాన్ని అక్షరాల్లోకి మార్చడం నా పని. అక్షరాలు ముద్దగా రావాలంటే మాటకు ముందొక గుర్తు, వెనకొక గుర్తు చదరపు బ్రాకెట్లలో పెట్టాలి, రంగుకు వేరే గుర్తు, చుక్కలకు వేరే గుర్తు. వెనక గుర్తు మరిచామా, అక్కణ్ణించి పేజీ చివరిదాకా అంతా అదే. ఒకసారి అలా ఎరువుల పట్టిక నుంచి నమస్కారం దాకా ఎర్రబడిపోతే, కృష్ణా నదికి అవతలి నుంచి ఒకాయన "ఏమైందక్కా, గింత కోపమెందుకు" అని రాశాడు. చేతికి అలవాటయ్యాక మాత్రం నాకు ఆ పని మీద మోజు పుట్టింది. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు ఒక్కో టపాను ముస్తాబు చేసేదాన్ని.

ఒక ఏడు కార్తీకంలో మావయ్య ఇచ్చిన స్లైడ్లలో ఒకదానికి 'మందుల కలయిక' అని శీర్షిక. కింద వేపనూనె డబ్బా బొమ్మ, ప్లస్సు గుర్తు, గంధకం పొట్లం బొమ్మ, ఆ రెంటి మీదా ఎర్ర ఇంటూ. నూనె పడ్డ ఆకు మీద గంధకం పడితే ఆకు మాడిపోతుంది, ఆ రెండూ కలపకూడదని దాని అర్థం. నాకు తెలియక కాదు, రెండు ఊళ్ళలో ఆయన చెబుతుండగా చెవులారా విన్నాను. బొమ్మ ఎక్కదు కనుక, ఇంటూకు బదులుగా, 'వేపనూనె + గంధకం' అన్న వరసను ముద్దక్షరాల్లో పెట్టి ఎర్ర రంగు వేశాను. ఎరుపంటే వద్దని ఎవరికి తెలియదు? పైగా తెర మీద అదెంత బాగుందో! చూసి మురిసిపోయి, మావయ్యకు చూపించకుండానే పెట్టేశాను.

నేను మరిచిపోయిందేమిటంటే, ఊళ్ళలో ఆ ఫోరాన్ని తెర మీద చూసేవాళ్ళు లేరు. సత్తెనపల్లికో నరసరావుపేటకో పని మీద వచ్చినవాళ్ళెవరో నెట్ సెంటర్లో ఒక ప్రింటు తీయించుకుంటారు, పక్కనే జిరాక్సు భాయి దగ్గర పది కాపీలు చేయిస్తారు, అవి రాజుపాలెం, నకరికల్లు దాకా బస్సెక్కి పోతాయి, టీ బంకు దగ్గర చదువొచ్చిన ఒకరు గట్టిగా చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. ప్రింటరులో ఉండేది నల్ల సిరా ఒక్కటే. నా ఎరుపు నెట్ సెంటర్లోనే ఆగిపోయింది, ముద్దక్షరం మాత్రం ఊళ్ళు చేరింది, ముద్దగా ఉందంటే ముఖ్యమైనదనే కదా ఎవరైనా అనుకునేది. చదివినాయన ఆ వరస దగ్గర ఆగి మరీ రెండుసార్లు చదివాడట.

విన్నవాళ్ళలో మా చిన్నాన్న ఉన్నాడు. నకరికల్లు దగ్గర రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. అంతకు ముందేడు వానలకు చేను మొత్తం పోయింది, ఈసారి కూడా పోతే సేద్యం మానేసి నరసరావుపేటలో వాచ్‌మన్‌గా చేరతానని పిన్నితో అనేశాడు, ఆ మాట మా ఇంటిదాకా వచ్చింది. చేలో వేపనూనె కొట్టాల్సిన తామర పురుగూ, గంధకం కొట్టాల్సిన నల్లీ రెండూ పట్టి ఉన్నాయి. మా బావ చెప్పింది, మా అమ్మాయి రాసింది అని నలుగురిలో గొప్పగా చెప్పుకుని, మర్నాడు పొద్దున్నే ఒకే డ్రమ్ములో రెండు మందులూ కలిపి రెండెకరాలూ కొట్టేశాడు. మూడో రోజుకు ఆకుల అంచులు మాడి, పూత రాలిపోయింది. పిన్ని ఫోను చేసింది. ఏడవలేదు, తిట్టలేదు, మీ మావయ్యను ఒకసారి రమ్మను అని మాత్రం అంది.

ఆయనతో నేనూ వెళ్ళాను. గట్టు మీద చిన్నాన్న జేబులోంచి జిరాక్సు కాయితం తీసి మావయ్య చేతిలో పెట్టాడు. నల్లగా, ముద్దగా నా వరస కనిపించగానే ఎక్కడ ఏం జరిగిందో అర్థమైపోయింది. ప్రింటరుదే తప్పు, జిరాక్సు భాయిదే తప్పు అన్న సాకులు నోటిదాకా వచ్చాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ మాడిన రెమ్మ పట్టుకుని నిలబడ్డ మనిషి ముందు అవేవీ పెగల్లేదు. తప్పు నాదే చిన్నాన్నా, వద్దు అన్న మాట నేను రాయలేదు అన్నాను. ఆయన, "ఏందమ్మాయ్, అంత నేర్చుకున్నావే, వద్దు అనే రెండక్షరాలు రాయటానికి చెయ్యి రాలేదా?" అన్నాడు. నన్ను నాలుగు తిట్టినా అంత బాధ అనిపించేది కాదు.

మావయ్య కాయితం మడిచి, "దాన్నొక్కదాన్నే అనమాక. నా స్లైడులో మాత్రం ఆ మాట ఉందా? పక్కన నిలబడి అరుస్తా గదా అని నేనూ రాయలా. కాయితం పక్కన నేనుండనుగా" అన్నాడు. తర్వాత ఒక్కో చెట్టునూ వంచి చూసి, చిగురు బతికే ఉంది, ఇక ఏ మందూ కొట్టకుండా తడి పెట్టి ఆగు, తొలి కాపు పోయినట్టే, మలి కాపు మీద ఆశ పెట్టుకోవచ్చు అని చెప్పాడు.

ఆ సాయంత్రమే టపా మార్చాను. వేపనూనె కొట్టిన చేలో పదిహేను రోజులదాకా గంధకం కొట్టవద్దు, రెండూ కలిపి అసలే కొట్టవద్దు, కొడితే ఆకు మాడుతుంది. అంతే, ముద్దక్షరాలు లేవు, రంగు లేదు. కానీ అప్పటికే బస్సెక్కి పోయిన కాపీలను వెనక్కి తెచ్చేదెలా? నేను కుమిలిపోతూ కూర్చుంటే దారి చూసినవాడు చిన్నాన్నే. కొత్త కాయితం కాపీలు తీయించుకుని, మాడిన రెమ్మలు సంచిలో వేసుకుని, చుట్టుపక్కల టీ బంకులన్నీ తిరిగాడు. చదవడం అంతంతమాత్రం వచ్చిన మనిషి, ఆ ముక్కలు కంఠతా పట్టి, రెమ్మలు చూపిస్తూ అప్పజెప్పేవాడట. రాజుపాలెం దగ్గర ఒకాయన రెండు మందులూ తెచ్చి పెట్టుకుని తెల్లారితే కొట్టబోతున్నవాడు, అది విని ఆగిపోయాడు. ఇంత తిరిగినా, మా అమ్మాయి రాసింది నమ్మి చెడిపోయానని మాత్రం చిన్నాన్న ఎక్కడా అనలేదు. అదేమిటయ్యా అని పిన్ని అడిగితే, "రేపు మళ్ళీ అదే గదా రాయాల్సింది, అట్టా చెప్తే దాని మాట ఎవురింటారు?" అన్నాడట. పిన్ని నాకా సంగతి చెప్పిన రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

అప్పట్నించీ మా పద్ధతే మారిపోయింది. స్లైడులోని ప్రతి గీతకూ, ప్రతి బాణానికీ మావయ్యను కూర్చోబెట్టి, ఇదేమంటోంది అని అడిగేదాన్ని. చిత్రమేమిటంటే కొన్ని బాణాలు ఎందుకు వేశాడో ఆయనకే తెలియదు, అందంగా ఉంటుందని వేశానే అని నసిగేవాడు. అన్నీ మాటల్లోకి వచ్చాక చిన్నాన్నకు ఫోను చేసి, గట్టిగా చదివి వినిపించి, ఇది విని రేప్పొద్దున చేలో ఏం చేస్తావు అని అడిగేదాన్ని. ఆయన చెప్పింది మావయ్య ఉద్దేశంతో సరిపోతే టపా పెట్టడం, లేదంటే మళ్ళీ మొదటికి రావడం. ఆయనా తక్కువవాడు కాదు. 'తగు మోతాదులో' అని రాస్తే "తగు అంటే ఎంతే? నీ చెంబుతోనా, నా చెంబుతోనా?" అని నిలదీసేవాడు. ఒక్కో టపాకు మూడు రోజులు పట్టేది ఇందుకే. ఈలోగా చేను చిగిర్చింది, పూత పట్టింది. మలి కాపు పదిమంది చెప్పుకునేంత రాకపోయినా, మరుసటేడు కూడా ఆ కౌలు వదులుకోకుండా ఉండటానికి సరిపోయింది. వాచ్‌మన్ మాట చిన్నాన్న మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. ఫోరంలో రాసేవాళ్ళు తగ్గారు, నడిపేవాళ్ళకు ఓపిక తగ్గింది, ఒక వేసవిలో తెరిచి చూస్తే పేజీ రాలేదు. కాపీలు తీసి దాచుకోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. మావయ్య పోయాడు, రెండేళ్ళకు చిన్నాన్నా పోయాడు. ఇప్పుడు రాయడం, అందరికీ పంపడం చిటికెలో పని, మంచిదే, నేను కాదనను. కానీ రాసినదాన్ని ఒక మనిషికి చదివి వినిపించి, నీకేం అర్థమైంది అని అడిగే తీరికే ఎవరికీ లేకుండా పోయింది, ఆ అడగడంలో ఎంత చనువు ఉండేదో తలుచుకుంటే దిగులేస్తుంది.

కిందటేడు పిన్నిని చూడటానికి వెళ్ళినప్పుడు, పెరట్లో చెట్లకు పురుగు పట్టిందంటే మందుల షాపు దాకా నడిచాను. అక్కడ ముప్ఫై ఏళ్ళ ఒకావిడ పక్కనున్న తోటికోడలికి చెబుతోంది, వేపనూనె కొట్టిన చేలో పదిహేను రోజులదాకా గంధకం కొట్టవద్దు, రెండూ కలిపి అసలే కొట్టవద్దు, కొడితే ఆకు మాడుతుంది అని. నా టపాలోంచి ఒక్క మాట పొల్లుపోలేదు. మామూలుగా అయితే ఆ ఊళ్ళో 'కొట్టమాక' అంటారు. ఉండబట్టలేక, నీకిది ఎవరు చెప్పారమ్మా అని అడిగాను. "ఎవురో చెప్పేదేంది పెద్దమ్మా, మా ఊళ్ళో అందరూ అనే మాటేగా. నీకు సేద్యం లేదా ఏంది?" అని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. లేదమ్మా అన్నాను.

మందు సంగతే మరిచిపోయి గబగబా ఇంటికొచ్చి, వాకిట్లో కూర్చున్న పిన్నికి విన్నదంతా చెప్పాను. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అది మీ చిన్నాన్న మాట గదే. ఉన్నన్నాళ్ళూ చానా ఊళ్ళు తిరిగి అదే చెప్పాడు" అంది. నేను ఆమె పక్కన కూర్చుని, అవును పిన్నీ, చిన్నాన్న మాటే అన్నాను.