తొమ్మిదో గుడ్డు

ఒక గుడ్డులో ప్రాణం ఉన్నదో లేదో తేల్చుకోవడానికి ఆ గుడ్డును పగలగొట్టే హక్కు మీకుందా? జవాబు చెప్పేముందు కాసేపు ఆగండి. నేను ఆగలేదు.

కుందలహళ్ళిలో నేను అద్దెకుంటున్న ఇంటి వెనక, ప్రహరీ గోడకూ పక్క అపార్టుమెంటు గోడకూ నడుమ సన్నని పెరడు ఉంది. అందులో ఒక జామచెట్టు, బట్టలుతికే బండ, రేకు కప్పిన కోళ్ళగూడు. అప్పట్లో అందులో నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. ఇంటి యజమానురాలు అరవై దాటిన మనిషి. పుట్టింది చింతామణి దగ్గర. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపం వస్తే రెండూ మాట్లాడుతుంది. కాపురానికి వచ్చినప్పుడు తల్లి ఇచ్చిన జత నుంచి వచ్చిన సంతానమే ఆ కోళ్ళు. చుట్టూ పొలాలు పోయి ఆఫీసులు లేచినా ఆ జాతి మాత్రం ఆమె పెరట్లో తెగిపోలేదు.

ఎండాకాలం మొదట్లో నల్లపెట్ట గూడు వదలడం మానేసింది. కింద ఒక్క గుడ్డూ లేదు. అయినా ఈకలు విప్పార్చుకుని కూర్చుని, చెయ్యి పెడితే పొడిచేది.

"కావుకు కూచుండాది," అంది ఆమె. పొదగడాన్ని ఆమె కావు అంటుంది. "ఇప్పుడు పిల్లలు వద్దు నాకు. దీనికి కావు ఇడిపించల్ల."

ఇడిపించే పద్ధతి ఏమిటో చూపించింది. కోడి రెక్క నుంచే ఒక ఈక పీకి, దాని ముక్కు రంధ్రాల్లో అటునుంచి ఇటు గుచ్చుతారట. ఈకను వదిలించుకునే తిప్పలలో కోడి పొదిగే సంగతి మరిచిపోతుందట.

"నొప్పెయ్యదా ఆంటీ?"

"నొప్పి లేకుంటే లేస్తాదా అప్పా?" ఆడపిల్లనైనా నన్ను అప్పా అనే పిలుస్తుంది.

నేను ఒప్పుకోలేదు. పొదిగే కోడికి కడుపు కింద వేడి చేరుతుందనీ, ఆ వేడి తగ్గితే అదే లేస్తుందనీ చదివి చెప్పాను. పాత ఇనుప జాలీ పెట్టెను నీడలో నాలుగు ఇటుకల మీద నిలబెట్టి, గడ్డి లేకుండా, నీళ్ళూ నూకలూ మాత్రం పెట్టి కోడిని అందులో ఉంచాం. కింద నుంచి గాలి తగిలింది. నాలుగో రోజు వదిలితే గూటి వైపు చూడకుండా జామచెట్టు కింద మట్టి కెలుక్కుంటూ తిరిగింది.

"నీ చదువు ఆ కంప్యూటర్‌కు పనికొస్తాదో లేదో గాని, కోడికి పనికొచ్చింది పాపా," అని ఆమె ఇరుగుపొరుగు అందరి ముందూ అంది.

ఆ గెలుపు నాకు మంచి చేయలేదని ఇప్పుడు అనిపిస్తుంది. కాలేజీలో మూడేళ్ళు వాదన పోటీల్లో పాల్గొన్నాను. ఏ మాట చెప్పినా రుజువు చూపాలనీ, చూపలేనివారు కూర్చోవాలనీ అక్కడ నేర్చుకున్నాను. ఈక విషయంలో నా ప్రశ్న న్యాయమైనదే. కానీ ఒకసారి ప్రశ్న అడిగి గెలిచినవారికి, తమ ప్రతి ప్రశ్నా న్యాయమైనదే అనే నమ్మకం తొందరగా ఏర్పడుతుంది.

నెలన్నర తర్వాత ఒక ఉదయం వీధి కుక్కలు గేటు సందులోంచి దూరి పుంజును చంపేశాయి. ఆమె ఏడవలేదు. రాగుల బుట్టలో దాచిన గుడ్లను ఒక్కొక్కటే తీసి చూసింది.

"పుంజు పోయినాక ఒక వారం దాకా పెట్టిన గుడ్లకు సత్తువ ఉంటాది. ఆమీద పెట్టేవి సుమ్నే తినేదానికే," అని నాకు వివరించింది. ఏ ఫలమూ లేనిదాన్నీ, ఏ పనీ చేయకుండా ఊరుకోవడాన్నీ కూడా ఆమె సుమ్నే అనే కన్నడ మాటతోనే చెబుతుంది.

అదే సమయానికి నల్లపెట్ట మళ్ళీ పొదగడానికి కూర్చుంది. ఈసారి ఎవరూ దాన్ని లేపలేదు. ఆమె పాత బుట్టలో ఇసుక పోసి, పైన గడ్డి పరిచి, తొమ్మిది గుడ్లు పెట్టింది. వాటి మధ్య ఒక మేకు, ఒక బొగ్గు ముక్క కూడా పెట్టింది.

"ఇవెందుకు ఆంటీ?"

"వానలొచ్చే కాలం గదా. ఉరుముకు గుడ్లు చెడిపోతాయి. ఇనుము ఉంటే ఏమీ కాదు."

"ఉరుముకు గుడ్డు ఎలా చెడిపోతుంది?"

"ఉరిమితే నువ్వు ఉలిక్కిపడవా? అట్లనే."

గుడ్లు బేసి సంఖ్యలోనే ఉండాలని కూడా చెప్పింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఒక పుంజు, రెండు పెట్టలు నిలిస్తే చాలప్పా. చెల్లెలింటికాడ వదులుతా, చింతామణిలో. ఈడ ఇంక కుక్కలతో కాదు. ఇవి గూడా పోతే మా అమ్మ కోళ్ళు ఈ గుడ్లతోనే సరి."

నాలుగో రోజు ఆ చెల్లెలికే కంటి ఆపరేషన్ అని కబురొచ్చింది. వారం రోజులు ఆమె వెళ్ళక తప్పలేదు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగం కాబట్టి కోడి బాధ్యత నాకు అప్పగించింది. "దినామూ ఒక తూరి గూట్లోంచి లేపు. మేస్తాది, నీళ్ళు తాగుతాది, పెంట వేసి అదే వచ్చి కూచుంటాది. గుడ్లు మాత్రం ముట్టొద్దు. సుమ్నే ఉండు."

రెండు రోజులు సుమ్నే ఉన్నాను. ఆరో రోజు మధ్యాహ్నం, ప్రాణం లేని గుడ్లు మురిగి పగిలితే పక్క గుడ్లు కూడా చెడిపోతాయని చదివాను. అది నిజమే. కోడి మేతకు లేచినప్పుడు గుడ్లను గిన్నెలో పెట్టుకుని, స్నానాల గది తలుపు మూసి, చీకట్లో ఒక్కొక్కదాన్నీ ఫోన్ లైటు మీద నిలిపి చూశాను. ఆరింటిలో ఎర్రని నరాలు సాలెగూడులా కనిపించాయి. మూడింటిలో ఏమీ కనిపించలేదు. ఆ మూడింటి మీదా పెన్సిలుతో ప్రశ్నార్థకం గీశాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. కానీ నాకు రుజువు కావాలనిపించింది. మూడింటినీ పారేసేముందు ఒకటి పగలగొట్టి చూడటం బాధ్యత అని నన్ను నేను ఒప్పించుకున్నాను. వాదన బాగానే కుదిరింది. స్టీలు గిన్నె అంచుకు గుడ్డును కొట్టాను.

పచ్చసొన మీద రూపాయి బిళ్ళంత ఎర్రని వల ఉంది. దాని నడుమ ఒక చుక్క కొట్టుకుంటోంది. నేను చూస్తుండగానే అది నెమ్మదించింది. ఎంతసేపటికి ఆగిందో చెప్పలేను, ఎందుకంటే చివరి దాకా చూడలేదు.

మిగిలిన ఎనిమిదింటినీ బుట్టలో పెట్టి, కోడి వచ్చి కూర్చున్నాక ఆమెకు ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఏమీ కనపడలేదంటివే?"

"లైటులో కనపడలేదు ఆంటీ."

"అది చిన్న పెట్ట. తొమ్మిదింటినీ ఒకే మాదిరి కమ్ముకోలేదు. అంచున ఉండేవి ఎనకబడతాయి. అదే తిప్పుకుంటాది, దానికి తెలుసు. నీ లైటుకేం తెలుసు? ఇప్పుడెన్ని ఉండాయి?"

"ఎనిమిది."

"సరి లెక్క అయిపోయిందా. అయితే ఒక ఉర్లగడ్డ పెట్టు తొమ్మిదోదిగా!" అని ఫోన్ పెట్టేసింది.

వంటింట్లోకి వెళ్ళి గుడ్డంత బంగాళాదుంప ఒకటి ఏరాను. కడిగి, తుడిచి, కోడి కింద పెట్టాను. ఎందుకని అడగలేదు. అడగకుండా నేను చేసిన మొదటి పని బహుశా అదే. ఆ వారం రెండుసార్లు గట్టిగా ఉరిమింది. రెండుసార్లూ కిందికి దిగి, మేకు ఉన్నచోటే ఉందని చూసి వచ్చాను.

ఆమె తిరిగి వచ్చి, సంచి దించకుండానే గూడు దగ్గరికి వెళ్ళి కోడిని పక్కకు జరిపి చూసింది.

"ఇదేందప్పా?"

"మీరే పెట్టమన్నారు కదా ఆంటీ."

"కోపానికి చెప్తిని! నిజంగా పెడతావా?" నవ్వు ఆపుకోలేక బండ మీద కూర్చుంది. బంగాళాదుంప తీయబోయాను. "ఉండనీ. పెట్టింది పెట్టినట్లే ఉండల్ల," అంది.

ఇరవై ఒకటో రోజు సాయంత్రానికి ఐదు పిల్లలు బయటపడ్డాయి. మిగిలినవి మూడు: నరాలు కనిపించిన గుడ్డు ఒకటి, నేను ప్రశ్నార్థకం గీసినవి రెండు. మర్నాడు పొద్దున కోడి పిల్లలతో కిందికి దిగాలని తొందరపడింది. అది దిగితే మిగతావి చల్లబడతాయి. ఆమె కూడా వాటి మీద ఆశ వదులుకుంది.

"పిల్లలు ఒక రోజు మేత లేకున్నా తట్టుకుంటాయని చదివాను. ఇంకొక్క రోజు ఆగుదామా ఆంటీ?"

"నువ్వా ఆగుదామనేది?" అంటూనే గంప తెచ్చి కోడినీ పిల్లల్నీ బుట్టతో సహా మూసింది.

మధ్యాహ్నం ఒక ప్రశ్నార్థకం పక్కన పెంకు చిట్లింది. నేను గోరుతో పెంకు తీయబోతే ఆమె నా చెయ్యి మీద కొట్టింది. రెండు గంటల తర్వాత తడి తడిగా ఒక పిల్ల దానంతటదే బయటికి వచ్చింది. రెండో ప్రశ్నార్థకం పిల్ల కాలేదు. నరాలు కనిపించి, నేను ఏ అనుమానమూ లేకుండా వదిలేసిన గుడ్డు కూడా పిల్ల కాలేదు. బుట్ట ఖాళీ చేస్తే బంగాళాదుంపకు మాత్రం రెండు మొలకలు వచ్చి ఉన్నాయి. ఆమె దాన్ని గోడ పక్కన పాతింది.

ఆరు పిల్లల్లో ఒకదాన్ని గద్ద ఎత్తుకుపోయింది. మిగిలిన ఐదింటిలో రెండు పుంజులు, మూడు పెట్టలు. అవి ఎదిగాక గంపలో చింతామణి బస్సెక్కాయి. ఏది ఏ గుడ్డులోంచి వచ్చిందో అప్పటికి మా ఇద్దరికీ గుర్తు లేదు. పగలగొట్టిన గుడ్డు మాత్రం నాకు గుర్తుంది.

ప్రశ్నలు అడగడం నేను మానలేదు, మిమ్మల్ని మానమనడం లేదు. కోడి ముక్కులో ఈక గుచ్చుతుంటే అడగండి, ఆపండి, జాలీ పెట్టె సంగతి చెప్పండి. కానీ మీ పెట్ట గుడ్ల మీద కూర్చున్నప్పుడు, అనుమానం వచ్చిన గుడ్డును పగలగొట్టకండి. దాని మీద పెన్సిలుతో గుర్తు పెట్టి, తిరిగి కోడి కిందే ఉంచండి. ఇరవై రెండో రోజు సాయంత్రం దాకా ఆగండి.